పొద్దుటి గ్లాసు

రుబ్బే గదికి తాళం పడింది.

వేసింది అత్తగారు. తాళంచెవి ఆవిడ జాకెట్టు జేబులో ఉంది. ఆ జాకెట్టు ఆవిడ సొంతంగా కుట్టుకున్నదే. ఎంత ఉక్కపోసినా మెడ దాకా గుండీలు బిగించే కాలరు జాకెట్టు. దాని మీదుగా కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది. కుట్టుమిషన్ మీద సంసారాన్ని ఈడ్చుకొచ్చిన మనిషి. ఆ టేపు తీసి పక్కన పెట్టడం ఇంట్లో ఎవరూ చూడలేదు.

గది లోపల, రాత్రి నానబెట్టిన సోయా గింజలు టబ్బుల నిండా ఉబ్బి కూర్చున్నాయి. గది బయట కోడలు నిలబడి ఉంది.

"అత్తయ్యా, మధ్యాహ్నం దాటితే గింజలు పాడైపోతాయి."

"పోనీ."

"టీ కొట్టాయన, బేకరీ వాళ్ళు పాల కోసం వచ్చేస్తారు."

"వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతారు. నా కూతురి ప్రాణం కంటే వాళ్ళ టీ ఎక్కువా?"

 వెంటనే ఏమీ అనకపోవడం కోడలికి పుట్టుకతో వచ్చిన గుణం. ఏ మాటైనా రాత్రి నానబెట్టి పొద్దున గానీ బయటికి తీయదని మొగుడు వేళాకోళం చేస్తాడు. పెళ్ళైన కొత్తలో కాఫీ తాగుతావా అని అడిగితే, జవాబు వచ్చేసరికి కాఫీ చల్లారిపోయిందట. ఆ కథ చెప్పని చుట్టం లేడు. అందుకే చుట్టాల్లో ఆమె పేరు నాన్చుడమ్మ.

ఆ మొగుడు ఇప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు. అతను ఫ్రిజ్ మెకానిక్కు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళ మధ్య వేడి పుట్టినప్పుడల్లా, ఊళ్ళో ఎవరిదో ఫ్రిజ్ చల్లబడటం లేదని అతనికి గుర్తొస్తుంది.

"అమ్మా, ఆ తాళంచెవి ఇచ్చెయ్యరాదూ," అన్నాడు నేలవైపు చూస్తూ.

"నిన్న రక్తపరీక్ష రిపోర్టు చదివింది ఎవర్రా? నంబరు మళ్ళీ పెరిగిందని చెప్పింది నువ్వేగా?"

"పెరిగింది. కానీ..."

"వరసగా మూడోసారి! గొంతు కోసి గడ్డ తీశారు. గడ్డతోపాటు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. గ్రంథి చేసే పని మాత్ర చేస్తుందన్నారు, రోజూ మింగుతోంది. మాత్ర రెండుసార్లు పెంచారు. అయినా ఆ దిక్కుమాలిన నంబరు ఎందుకు దిగదు? ఇంకా ఆ పాలు తాగుతోంది కాబట్టి. క్యాన్సర్‌ని తెచ్చినవే క్యాన్సర్‌ని మేపుతున్నాయి."

"డాక్టరమ్మ అలా అనలేదు కదమ్మా."

"డాక్టరమ్మ కన్నదా దాన్ని?"

 ఫ్రిజ్ మెకానిక్కుకి చెప్పులు దొరికాయి. వెళ్ళిపోయాడు.

కోడలి బాధ ఏమిటంటే, అత్తగారు పైకి అనే మాటని తనూ లోలోపల అనుకుంటూనే ఉంది. ఈ ఇంట్లో సోయా పాలు తీయడం మొదలుపెట్టింది తనే. మామూలు పాలు పడక కడుపునొప్పితో మెలికలు తిరిగే ఆడపడుచుకి, బడికి వెళ్ళే వయసులో మొదటి గ్లాసు అలవాటు చేసిందీ తనే. అప్పుడు ఆ పిల్లకి జడ వేస్తూ, తాగితే గానీ రిబ్బను కట్టనని బెదిరించేది. ఆ గ్లాసులో ఏముందో ఇప్పుడెవరు చెప్పాలి? నిజంగా తన చేత్తోనే ఇచ్చిందేమో. ఆ అనుమానం పట్టుకున్నప్పట్నించీ తిండి సరిగ్గా సయించడం లేదు.

అంతలో ఆడపడుచు మెట్లు దిగి వచ్చింది. పార్లర్‌లో జుట్టు కత్తిరించే పని ఆమెది. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదని ఇంట్లో పిచ్చుక అని పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పిలుపు. మెడకి పలచని స్కార్ఫు చుట్టుకుంది. దాని కింద ఆపరేషన్ గీత ఉంది. ఆపరేషన్ తర్వాత గొంతు కాస్త బొంగురు పోయింది గానీ, జోరు తగ్గలేదు.

పిచ్చుక తాళం చూసింది. తల్లిని చూసింది. ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్‌లోంచి నిన్నటి పాలు గ్లాసులోకి వంపుకుంది. మాత్ర నాలుక మీద పెట్టుకుంది. తల్లి కళ్ళలోకి సూటిగా చూస్తూ గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి చూపించింది.

"చూశావుగా? ఇవాళా బతికే ఉన్నా."

"మీ వదిన పరువు కోసం విషమైనా తాగేట్టున్నావే!"

"తాగుతా. నీ ఎదురుగానే తాగుతా. నువ్వా మాట మానేదాకా రోజూ ఇంతే."

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ వేళకి ఆమె ఎప్పుడూ రుబ్బే గదిలోనే ఉంటుంది. ఆ మిషన్ హోరులో వంటింట్లో పిడుగు పడినా వినిపించదు. రోజూ పొద్దున్నే తన తరఫున ఇక్కడొక యుద్ధం జరుగుతోందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. తాళం పడబట్టి చూసింది. చూసిన ఆ నిమిషంలో ఆడపడుచు ప్రేమ ఒక్కటే కనబడింది. మిగతాది కళ్ళెదురుగానే ఉన్నా ఆనలేదు.

* * *

ప్రశ్నలమ్మాయి వచ్చేసరికి ముందుగదిలో ముగ్గురూ మూడు మూలల్లో కూర్చుని ఉన్నారు.

ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్ళనీ, రానివాళ్ళనీ కలిసి, ఏం తిన్నారో ఏం తాగారో అడిగి పోల్చి చూసే ఒక పరిశోధన జరుగుతోంది. ఆ పిల్ల చేసేది అందులో పని. ఆసుపత్రిలో పిచ్చుక సరేనని సంతకం పెట్టింది, అందుకని ఇంటికొచ్చింది. పేరేదో చెప్పింది గానీ, అత్తగారు ప్రశ్నలమ్మాయి అనడంతో అదే ఖాయమైంది. సంచిలోంచి రకరకాల సైజుల ప్లాస్టిక్ గ్లాసులూ, గిన్నెలూ, తిండి ఫొటోలున్న అట్టలూ తీసి బల్ల మీద పరిచింది.

"పిల్లల ఆటసామానులా ఉందే," అంది అత్తగారు.

"గ్లాసు అంటే ఒక్కొక్కరింట్లో ఒక్కో సైజు కదా ఆంటీ. అందుకని చూపించి అడుగుతాం." పిచ్చుక వైపు తిరిగింది. "జబ్బు బయటపడకముందు ఏడాది గుర్తు తెచ్చుకోండి. అప్పటి అలవాట్లే చెప్పాలి. సోయా పాలు?"

"మూడు పూటలా," అంది అత్తగారు.

"ఎప్పుడైనా ఒకసారి," అంది పిచ్చుక, అదే నిమిషంలో.

ప్రశ్నలమ్మాయి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఆంటీ, జవాబులు ఆమెవే కావాలి."

"అది అబద్ధం చెబుతుంటే?"

"నేను తాగానో లేదో నాకు తెలీదా అమ్మా?"

"ఒసేయ్, పొద్దున ఒకటి తాగడం నా కళ్ళతో చూశాను. పార్లర్‌కి సీసాలో పట్టుకెళ్ళేదానివి. సాయంత్రం వచ్చి ఎన్ని తాగేదానివో ఎవరికెరుక!"

"సీసాలో నీళ్ళు!"

"తెల్లటి నీళ్ళా?"

గొడవ సాగింది. అత్తగారు చెప్పే గ్లాసులు చెప్పేకొద్దీ పెరిగాయి, పిచ్చుక గ్లాసులు తరుగుతూ పోయి ఇంచుమించు సున్నాకొచ్చాయి. ప్రశ్నలమ్మాయి పెన్ను పక్కన పెట్టి ఓపిగ్గా కూర్చుంది. ఇలాంటి ఇళ్ళు చాలా చూసినట్టుంది.

అంతసేపూ నోరు విప్పని కోడలు మెల్లిగా అడిగింది. "తగ్గించి చెబితే ఏమవుతుందమ్మాయ్?"

"మీ ఒక్క ఇంటివల్ల ఏమీ కాదండీ. కానీ ప్రతి ఇంట్లోనూ ఇలాగే జరిగితే? కొంతమంది భయంతో పెంచి చెబుతారు, కొంతమంది ఎవర్నో కాపాడ్డానికి తగ్గించి చెబుతారు. ఆఖరికి అన్నీ కూడితే మాకు తేలేది తిండి సంగతి కాదు, ఇళ్ళలో గొడవల సంగతి."

కోడలు ఆలోచించింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఈమె జవాబు వచ్చేసరికి పొద్దుపోతుందని అత్తగారు విసుక్కుంది.

"రోజూ ఒక గ్లాసు," అంది కోడలు. చెయ్యి చాపి మధ్యరకం గ్లాసు ముందుకి జరిపింది. "ఇంత. పొద్దున ఒక్కసారే. సీసాలో పట్టుకెళ్ళేది ఎప్పుడో గానీ కాదు. వారంలో రెండు మూడుసార్లు కూరలో సోయా పనీరు. చిన్నప్పట్నించీ అంతే. ఇచ్చింది నేనే. రాసుకో."

"వదినా!"

"విన్నారుగా, ఒప్పుకుంది!" అత్తగారు బల్ల మీద చరిచింది. గ్లాసులు ఎగిరిపడ్డాయి.

"ఒప్పుకోవడానికి ఇందులో నేరమేం లేదాంటీ," అంది ప్రశ్నలమ్మాయి గ్లాసులు ఏరుకుంటూ. "ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి బాగా ఎక్కువ. సోయాలో, అవిసె గింజల్లో, ఇంకా కొన్ని మొక్కల్లో ఉండే పదార్థాలు ఒంట్లోకి వెళ్ళి ఆడవాళ్ళ హార్మోన్ వేషం వేస్తాయి. అచ్చం అది కాదు, దాని వేషమే. ఆ వేషం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా, ఏమీ చెయ్యదా అని చూస్తున్నారు. సోయా ఎక్కువ తీసుకునే ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ కాస్త తక్కువ కనబడిందని కొన్ని పరిశోధనలు అన్నాయి. కొన్నిట్లో ఏ తేడా కనబడలేదు."

"అంటే నీ ఉద్దేశం, అది ఇంకా రెండు గ్లాసులు ఎక్కువ తాగాల్సిందనా?"

"అలా అనలేదాంటీ. తేలలేదు అంటున్నాను."

"తేలనిదానికి ఇంటింటికీ తిరగడమెందుకు?"

"తేలితే తిరగక్కర్లేదు కదా."

ఈ పిల్ల నోరు తనకి సరిజోడని అత్తగారికి అర్థమైంది. మూతి ముడిచి కిటికీ వైపు తిరిగింది.

ప్రశ్నలు సాగాయి. ఎక్స్‌రేలు ఎక్కువ తీయించుకున్నారా, ఏ వయసులో పెద్దమనిషయ్యారు, ఉప్పు ఎంత. ఒక కాగితం తిప్పి, "మీ అమ్మగారికి గానీ, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ థైరాయిడ్ గడ్డలు..." అంటుండగానే,

"ఎవరికీ లేదు," అంది అత్తగారు.

ప్రశ్న ఇంకా పూర్తవలేదు. ప్రశ్నలమ్మాయి ఒక్క క్షణం ఆగి, పిచ్చుక వైపు చూసింది. లేదన్నట్టు పిచ్చుక తలూపింది. రాసుకుంది.

"ఇక ఆఖరి భాగం. ఇప్పుడు వాడే మందులు. థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్క రోజు మానలేదు. పరగడుపునే."

"నీళ్ళతోనేగా?"

పిచ్చుక నవ్వింది. "పాలతో. మా వదిన పాలతో. మా అమ్మ చూస్తుండగా."

ప్రశ్నలమ్మాయి పెన్ను ఆగిపోయింది. ఏదో అనబోయి మానేసింది. మళ్ళీ అనబోయింది. "నేను సలహాలు చెప్పకూడదు. మా పని అడగడం వరకే," అంటూ కోడలి వైపు చూసింది. "మాత్ర ఎలా వేసుకోవాలో మందుల షాపులో ఒకసారి కనుక్కోండి. ఇవాళే కనుక్కోండి అక్కా."

 పొద్దుట వంటింట్లో చూసిన దృశ్యం మళ్ళీ కోడలి కళ్ళ ముందుకొచ్చింది. ఈసారి అందులో ప్రేమతోపాటు మాత్ర కూడా కనబడింది, గ్లాసు కూడా కనబడింది.

* * *

మందుల షాపాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని విన్నాడు.

"సోయా పాలతోనా? అలా అయితే మాత్ర సగం దండగేనమ్మా. మందుని రక్తంలోకి సరిగ్గా ఎక్కనివ్వదది. మాత్ర నీళ్ళతో మింగాలి. పాలు కావాలంటే నాలుగు గంటలాగి తాగాలి."

"అంటే పాలు చెడ్డవా?"

"పాలల్లో తప్పు లేదు, మాత్రలో తప్పు లేదు. రెండూ ఒకేసారి దిగకూడదు, అంతే. నంబరు దిగడం లేదా?"

"పెరుగుతోంది. డాక్టరమ్మ మాత్ర రెండుసార్లు పెంచింది. నిన్న నంబరు ఫోన్‌లో విని ఇంకా పెద్దది చెప్పింది, సాయంత్రం రమ్మంది. రేపట్నించి వేసుకోవాలి."

ఆయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. "ఆ పెద్దది ఇప్పుడు నీళ్ళతో వేసుకుంటే మందు మొత్తం ఒక్కసారి ఎక్కుతుంది. గుండె దడ పుడుతుంది, ఒళ్ళంతా వణుకు. అలా వదలకూడదు. డాక్టరుకి చెప్పి తీరాలి."

కోడలు షాపు మెట్లు దిగి రోడ్డు పక్కన నిలబడిపోయింది. ముందు ఒళ్ళంతా తేలికైంది. జబ్బు మళ్ళీ రాలేదేమో! మందు పనిచెయ్యకపోవడమే అసలు సంగతేమో! పరుగెత్తుకెళ్ళి అత్తగారికి చెప్పాలనిపించింది. రెండడుగులు వేసి ఆగింది. ఏమని చెప్పాలి? నంబరు పెరిగింది పాల వల్లే అత్తయ్యా అని. ఆవిడ ఇన్నాళ్ళూ అన్న మాటే అది. ఆ వెనక చెప్పే మిగతా ముక్కలు ఆవిడ చెవికి ఎక్కుతాయా?

పార్లర్ రెండు వీధుల అవతల. పిచ్చుక ఎవరో పెద్దావిడ జుట్టు కత్తిరిస్తోంది. అద్దంలో వదినని చూసి, కత్తెర పక్కన పెట్టి, తువ్వాళ్ళు ఆరేసుకునే వెనక గదిలోకి తీసుకెళ్ళింది. విన్నంతసేపూ తడి తువ్వాలు మడత పెడుతూనే ఉంది. మడతే పడలేదు.

"ఆసుపత్రిలో నర్సు పరగడుపున అని చెప్పింది. నీళ్ళతో అని కూడా అందేమో. నాకు పరగడుపే గుర్తుంది."

"డాక్టరమ్మ అడగలేదా?"

"పరగడుపునేనా అని అడిగింది. అవునన్నాను. నిజమేగా!" తువ్వాలు బుట్టలో పడేసింది. "చెప్పకు వదినా."

"ఏమిటి?"

"రేపట్నించి నీళ్ళతో వేసుకుంటా. నంబరు దానంతటదే దిగుతుంది. ఎందుకు దిగిందో ఎవరికీ అక్కర్లేదు."

"పెద్ద మాత్ర ఉందే! గుండె దడ అన్నాడాయన."

"పాత మాత్రే వేసుకుంటా."

"ఏ పాత మాత్ర? మొదటిదా, రెండోదా? నీకు తెలుసా, నాకు తెలుసా? సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం, అడిగేస్తే పోతుంది."

"సాయంత్రం అమ్మ కూడా వస్తుంది. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆవిడ ముందు ఈ మాట అన్నావంటే ఆ తాళం ఇక తియ్యదు. నీ పని పోతుంది. నన్ను నువ్వే చంపబోయావని బతికున్నన్నాళ్ళూ అంటుంది. నేను భరించలేను." పిచ్చుక వదిన చెయ్యి పట్టుకుంది. "నీకు చిన్నప్పట్నించీ నేనేం ఇచ్చాను వదినా? ఈ ఒక్కటి చెయ్యనీ."

 బయట పెద్దావిడ దగ్గింది. పిచ్చుక కళ్ళు తుడుచుకుని కత్తెర దగ్గరికి వెళ్ళిపోయింది.

* * *

డాక్టరమ్మ రిపోర్టు చూస్తూ కనుబొమలు ముడిచింది.

"ఇంత మందు రాస్తున్నా నంబరు ఎక్కుతోందంటే నాకేం నచ్చడం లేదు. ఆపరేషన్ తర్వాత ఇది కిందే ఉండాలి. ఎక్కువైతే, క్యాన్సర్ కణాలేమైనా మిగిలి ఉంటే వాటిని లేపుతుంది. మళ్ళీ ఎక్కడైనా మొదలైందేమో చూద్దాం. స్కాన్ రాస్తాను."

అత్తగారి చెయ్యి కొలతల టేపు చివర పట్టుకుంది.  ఆవిడ నోట మాట రాకపోవడం కోడలు ఆ ఇంటికి వచ్చాక చూడలేదు.

బల్ల కింద పిచ్చుక వదిన చెయ్యి గట్టిగా నొక్కింది. వద్దు అని.

నానబెట్టడానికి వేళ లేదు. డాక్టరమ్మ పెన్ను కాగితం మీద ఆనింది.

"ఆగండి డాక్టరుగారూ," అంది కోడలు. గొంతు తనది కానట్టు పెద్దగా వచ్చింది. "ఆపరేషన్ అయినప్పట్నించీ ఈ పిల్ల మాత్ర సోయా పాలతో మింగుతోంది. మా ఇంట్లో నేను తీసే పాలతోనే. నంబరు ఎక్కేది ఆ పాల వల్లేమో."

అత్తగారు తల తిప్పింది. చాలా నెమ్మదిగా తిప్పింది.

డాక్టరమ్మ మాత్రం పెన్ను పడేసి వెనక్కి వాలింది. "పరగడుపునే అన్నావుగా!"

"పరగడుపేనండీ," అంది పిచ్చుక. "పాలు తప్ప ఏమీ లేదు."

డాక్టరమ్మకి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియలేదు. రెండూ వచ్చినట్టున్నాయి. మందుల షాపాయన చెప్పిందే ఆమే చెప్పింది. కొత్త మాత్ర ముట్టుకోవద్దంది. మొదట రాసిన చిన్న మాత్రే, మంచినీళ్ళతో. ఆరు వారాలాగి మళ్ళీ రక్తం చూద్దాం. అప్పటికీ దిగకపోతే స్కాన్. పాలు మానక్కర్లేదు, సాయంత్రం తాగితే చాలు.

"అంటే ఆ జబ్బు పాల వల్ల రాలేదా?" అడిగింది అత్తగారు. చాలా చిన్న గొంతు.

"ఎందువల్ల వచ్చిందో చెప్పలేనమ్మా. చాలామంది విషయంలో ఎవరూ చెప్పలేరు. పాల వల్ల వచ్చిందనడానికి మాత్రం నాకే ఆధారమూ లేదు. కొన్ని ఇళ్ళల్లో వంశంలో ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికీ లేదన్నారుగా?"

పొద్దున ప్రశ్న పూర్తవకముందే వచ్చిన జవాబు, ఇప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు.

"లేదు," అంది అత్తగారు.

బయట వరండాలో నడుస్తూ ఆవిడ కూతురి మోచెయ్యి పట్టుకుని ఆపింది. "నాకు చూపించడానికే తాగావా ఆ గ్లాసు? రోజూ?"

"నువ్వు మానేస్తే నేనూ మానేద్దామనుకున్నా."

ఆవిడ మోచెయ్యి వదిలేసింది.  దారంతా కోడలు ఇంట్లో జరగబోయే దానికి మనసు గట్టి చేసుకుంటూ కూర్చుంది.

* * *

ఇల్లు చేరగానే పిచ్చుక పైకి వెళ్ళిపోయింది. కోడలు వంటింట్లో ఉత్తినే గిన్నెలు సర్దుతోంది. రుబ్బే గది వైపు నుంచి అత్తగారి పిలుపు వినబడింది.

"ఇలా రా."

తిట్లకి సిద్ధపడే వెళ్ళింది. అత్తగారు తాళం ఎదురుగా నిలబడి ఉంది. తాళంచెవి చేతిలో ఉంది గానీ, తియ్యడం లేదు.

"ఆ ప్రశ్నలమ్మాయి అడిగిందే, ఇంట్లో ఎవరికైనా ఉందా అని."

"మీరు లేదన్నారు."

"అన్నాను. డాక్టరమ్మకీ అన్నాను." ఆవిడ మెడలోంచి కొలతల టేపు తీసింది. తలుపు గడియకి తగిలించింది. కాలరు గుండీ విప్పింది. దాని కింద గుండీ విప్పింది. కోడలి చెయ్యి పట్టుకుని, వేళ్ళు తన మెడ మీద, గొంతు పక్కగా ఆనించుకుంది. "గుటక వేస్తాను. చూడు."

గుటక వేసింది. కోడలి వేళ్ళ కింద, చర్మం లోపల, చిన్న ఉసిరికాయంత గడ్డ పైకి లేచి కిందికి దిగింది.

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"పిచ్చుక నా కడుపులో ఉన్నప్పట్నించి. అప్పుడు ఇంత లేదు. నొప్పి లేదుగదా అని ఊరుకున్నాను. కాలరు పెట్టి కుట్టుకున్నాను, ఎవరికీ కనబడలేదు. దాని మెడలో గడ్డ అని చెప్పిన రోజున..." ఆవిడ విప్పిన గుండీని తడుముకుంది. "నా రక్తంలోంచే పోయిందేమో దానికి. ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను. తప్పు నెట్టెయ్యడానికి నీ పాలు దొరికాయి."

కోడలికి ఒక్కసారి ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు! తిండి సయించని ఇన్ని పూటలు! ఆ మంట నోటిదాకా వచ్చింది. కానీ వేళ్ళు ఇంకా ఆ ముసలి మెడలోని గడ్డ మీదే ఉన్నాయి. మంట అక్కడే ఆగిపోయింది.

"గడ్డలన్నీ క్యాన్సర్ కావు అత్తయ్యా. రేపే చూపిద్దాం."

"దానికి చెప్పకు."

పొద్దుట్నించి ఈ మాట వినడం ఇది రెండోసారి.

"ఆ ఆరు వారాలు గడవనీ. దాని నంబరు దిగనీ. ఇప్పుడు చెబితే అది తన సంగతి మరచిపోయి నా వెంట పడుతుంది. నీకు అలవాటేగా, ఏ మాటైనా నానబెట్టడం. దీన్ని కూడా నానబెట్టు." అత్తగారు తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

కోడలు తాళం తీసింది. తలుపు తోయగానే పుల్లటి కంపు గుప్పుమంది. టబ్బుల్లో గింజల మీద నురగ కట్టింది. నీళ్ళు జిగురుగా సాగుతున్నాయి, బుడగలు పైకొచ్చి పగులుతున్నాయి. అత్తగారు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎంతసేపు నానబెట్టమంటారు అత్తయ్యా?" అంది కోడలు, టబ్బుల వైపు చూస్తూ.

మేడ మీద తలుపు తెరుచుకున్న చప్పుడైంది. "వదినా! ఏమిటా వాసన?" పిచ్చుక మెట్లు దిగుతోంది.

అత్తగారి చెయ్యి ఆదరాబాదరా కాలరు దగ్గరికి పోయింది. తొందరలో గుండీ కాజాలోకి ఎక్కలేదు. సాయం చెయ్యమన్నట్టు కోడలి వైపు చూసింది.

కోడలు ఆ గుండీ పెట్టలేదు.